ఖుష్ మహల్‌కు ఒక రోజు

కార్తీకం వచ్చిందంటే వనభోజనాలకు ఎక్కడికి పోదామన్న మాట ప్రతి ఇంట్లోనూ మొదలవుతుంది. చెరువు గట్టు ఉండాలి, చెట్ల నీడ ఉండాలి, పిల్లలు పరిగెత్తడానికి చోటుండాలి, పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చడానికి వీలుండాలి. ఇవన్నీ ఉంటూనే చూడదగ్గ పాత కట్టడం కూడా ఒకటి ఉంటే అంతకన్నా ఏం కావాలి? అలాంటి చోటు వరంగల్ రైల్వే స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఊరివాళ్లు ఖిలా వరంగల్ అంటారు, ఇంకా చనువుగా కోట అంటారు. ఆ కోటలో ఖుష్ మహల్ అనే పాత రాజమందిరాన్ని, దాని చుట్టూ ఉన్న గుట్టను, చెరువును, పచ్చదనాన్ని ఒక రోజంతా ఎలా చూడవచ్చో ఇవాళ చెబుతాను.

ముందుగా ఒక విన్నపం. వరంగల్‌కు వచ్చేవాళ్లు చాలామంది ఒకే రోజులో అన్నీ ముగించాలనుకుంటారు. పొద్దున వేయిస్తంభాల గుడి, ఆపైన భద్రకాళి, కోటలో అరగంట, మధ్యాహ్నానికి రామప్ప, పొద్దు గుంకేలోపు లక్నవరం. ఆ అరగంటలో కాకతీయుల నాటి రాతి తోరణం ముందు నిలబడి ఫోటో దిగడం అయిపోతుంది, వ్యాను హారన్ మోగుతుంది, అందరూ ఎక్కేస్తారు. పడమటి తోరణానికి అవతల కొద్ది దూరంలోనే ఉన్న ఖుష్ మహల్ వైపు తల తిప్పి చూసేవాళ్లు తక్కువ. నాకు ఇది ప్రతిసారీ బాధగానే ఉంటుంది. రామప్పను ఇంకో రోజు చూడవచ్చు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దానికి దారి కూడా బాగుపడింది, అది ఎక్కడికీ పోదు. కోటకు మాత్రం ఒక పూర్తి రోజు ఇవ్వండి. ఇంట్లో వద్దన్నవాళ్లుంటే, ఈ ప్రసంగం చివరిదాకా వినమనండి.

ఇంతకీ ఖుష్ మహల్ అంటే ఏమిటి? పొడవు సుమారు 38 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు ఉండే ఒకే ఒక్క పెద్ద హాలు. గదులు లేవు, అంతఃపురాలు లేవు. ఇది కాపురం ఉండే ఇల్లు కాదు, పాలకుడు కొలువుదీరే దర్బారు. బయటి నుంచి చూడగానే గోడలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. గోడకు ఆనుకొని నిలబడి తల పైకెత్తి చూస్తే ఆ వాలు ఎంతో తెలుస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే చల్లదనం తగులుతుంది. హాలుకు అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు, ఎత్తైన రాతి కమానులు వరుసగా నిలిచి ఉంటాయి. ఒక చివర నిలబడి చూస్తే కమాను వెనక కమాను కనబడుతూ, చూపు ఆ చివరిదాకా పోతుంది. పైకప్పు మాత్రం లేదు. అప్పట్లో కట్టెతో వేశారు, అది కాలంతో పాటు పోయింది. ఇప్పుడు ఆ కమానుల మధ్య నుంచి నేరుగా ఆకాశం కనబడుతుంది. పొద్దున పది గంటల ఎండ ఏటవాలుగా పడి, కమానుల నీడలు ఎదుటి గోడ మీద కదులుతుంటాయి. పిల్లలు ఆ నీడల వెంట ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుంటారు.

కోటలో అక్కడక్కడా దొరికిన శిల్పాలను ఈ హాలు లోపలే ఉంచారు. వాటి ముందు గబగబా నడిచిపోవద్దు. ఏ గుడిలోనో, ఏ మండపంలోనో కొలువై ఉండాల్సిన విగ్రహాలు అవి. నల్లరాతి మీద ఒక నగను చెక్కడానికి శిల్పి ఎంత ఓపిక పట్టాడో దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. చేత్తో తాకకుండా చూడండి. చేతి తేమ, చమురు రాతి నునుపును పాడు చేస్తాయి.

దీన్ని కట్టించిందెవరన్న దానికి రెండు జవాబులున్నాయి. ఊళ్లో అడిగితే షితాబ్ ఖాన్ మహల్ అంటారు. షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును, అంటే ఈ వరంగల్‌నే, ఏలాడు. 1504 నాటి అతని శాసనం ఈ కోటలోనే దొరికింది. పూర్వం పీఠం నుంచి తొలగించిన పాంచాలరాయ స్వామిని, అంటే కృష్ణుణ్ని, తిరిగి ప్రతిష్ఠించినట్టు అందులో ఉంది. ఖాన్ అన్న పేరు, కృష్ణుడి ప్రతిష్ఠ రెండూ ఒకే మనిషి కథలో కలిసిపోవడం మన తెలంగాణ చరిత్ర ఎలాంటిదో చెబుతుంది. అయితే కట్టడాల చరిత్ర చదివిన పండితులు చాలామంది ఈ మహల్ ఇంకా పాతదంటారు. 1323లో ఉలూఘ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కినవాడు, కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ని ఓడించి ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. ఢిల్లీలో తుగ్లక్‌లు కట్టించిన కట్టడాలకు ఉన్న వాలు గోడలే దీనికీ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని మాండూలో హిండోలా మహల్ చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తోస్తుంది. నాకూ ఈ రెండో మాటే సరైనదనిపిస్తుంది. తుగ్లక్‌ల చేతుల్లో ఓరుగల్లు ఉన్నది పదమూడేళ్ల పైచిలుకు మాత్రమే. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయనాయకుడు దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. ఆ కొద్ది కాలంలో లేచిన గోడలు ఇన్ని వందల ఏళ్లు నిలిచాయి. షితాబ్ ఖాన్ తర్వాత అందులో కొలువుదీరి ఉండవచ్చు, అందుకే జనం నోట అతని పేరు మిగిలి ఉండవచ్చు.

ఇక ప్రయాణం సంగతి. బయలుదేరే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ కూర్చొని ఒక పుస్తకం గురించి మాట్లాడుకోండి. దాని పేరు క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న వీధినాటకం. శ్రీనాథుడిదని అనేవాళ్లూ ఉన్నారు. మంచనశర్మ అనే బ్రాహ్మడు, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల వెంట తిరుగుతూ కనబడ్డవన్నీ చెప్పుకొంటూ పోతారు. కోడి పందేలు, పొట్టేళ్ల పోట్లాటలు, పలనాటి వీరుల కథ పాడేవాళ్లు, సంతలు, గుళ్లు, రకరకాల మనుషులు అందులో ఉన్నారు. తెలుగులో ఒక నగరాన్ని చూడబోవడం గురించి అంత ఉత్సాహంగా రాసిన పుస్తకం ఇంకొకటి నాకు తెలియదు. ఆ ఇద్దరు స్నేహితులు ఒక ఇంటిని చూడ్డానికి కూడా వెళ్తారు. అది మాచల్దేవి చిత్రశాల. ప్రతాపరుద్రుడి కొలువులో పేరున్న ఆ వేశ్య తన ఇంట్లో కొత్తగా బొమ్మలు వేయించిన సందర్భం. గోడల మీద పురాణ కథల బొమ్మలున్నాయి. ఓరుగల్లులో ఒక చూడముచ్చటైన ఇంటిని చూసి రావడం ఆరేడు వందల ఏళ్ల కిందటే జనానికి సరదా అన్నమాట. ఆ చిత్రశాల ఇప్పుడు లేదు, ఆ వీధులూ లేవు. కానీ కోటలోకి వెళ్లేముందు ఆ పుస్తకం మనసులో ఉంటే, ఖాళీగా కనబడే చోట కూడా ఒకప్పుడు ఎంత సందడి ఉండేదో ఊహకు వస్తుంది.

భోజనం సంగతి కూడా ఆ పుస్తకంలో ఉంది. పూటకూళ్ల ఇంట్లో ఒక రూక ఇస్తే మంచి రకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు పెట్టేవాళ్లట. మనకు ఆ పూటకూళ్ల ఇల్లు దొరకదు కనుక సద్ది కట్టుకొని పోవడమే మేలు. పులిహోర, పెరుగన్నం చాలు. ఓపిక ఉన్నవాళ్లు సర్వపిండి కూడా చేసుకోండి. మంచినీళ్లు ఎక్కువగానే పెట్టుకోండి. కట్టడాల ఆవరణలో తినకూడదు, దానికి తర్వాత వేరే చోటు చెబుతాను.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు వరంగల్ దాదాపు నూట నలభై అయిదు కిలోమీటర్లు. రైలయితే సులువు. స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకునేటప్పుడు ఒక్క మాట చెప్పండి: తోరణాల దగ్గర కాదు, మట్టికోట దగ్గర దింపమని. దారిలో శివనగర్‌లో మెట్ల బావి ఉంది, పది నిమిషాలు ఆగితే అదీ చూడవచ్చు.

మట్టికోట దగ్గరే ఎందుకు దిగాలంటే, ఈ కోట బయటి నుంచి లోపలికి నడిచి చూడవలసినది. కాకతి గణపతిదేవుడు రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి తెచ్చి కోట పని మొదలుపెట్టాడు. ఆయన కూతురు రుద్రమదేవి గోడలను ఇంకా ఎత్తు చేయించింది. 1289 నుంచి ప్రతాపరుద్రుడు ఏలాడు. ఈ మట్టిగోడ వ్యాసం సుమారు రెండున్నర కిలోమీటర్లు. చూస్తే గడ్డి మొలిచిన కట్టలా ఉంటుంది, పిల్లలు ఇదేం గోడ అంటారు. అప్పుడు వాళ్లకు అమీర్ ఖుస్రో రాసింది చెప్పండి. 1310 మొదట్లో ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లును ముట్టడించినప్పటి సంగతులు ఆ పారసీక కవి రాశాడు. ఈ మట్టిగోడ ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం కూడా దిగలేదట, యంత్రాలతో విసిరిన బండరాయి కూడా తగిలి వెనక్కి ఎగిరి పడేదట. శత్రువు పక్షాన ఉన్న కవి ఒప్పుకున్న మాట ఇది. తమ ఊరి మట్టిని అంత గట్టిపరచిన మనుషుల చేతులను తలచుకొని ఆ కట్ట దాటండి.

తర్వాత అగడ్త, దాన్ని దాటితే రాతికోట. వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ద్వారంలోకి దారి తిన్నగా పోదు, మలుపు తిరిగి మళ్లీ తిరుగుతుంది. ఏనుగులతో తలుపులు బద్దలు కొట్టే కాలంలో, దూసుకొచ్చే ఏనుగు వేగం ఆ మలుపులో తగ్గిపోవాలి, గోడ మీద ఉన్న సైనికులకు అది చిక్కాలి. ఆటోలో పోతే ఇది ఒక కుదుపుగానే తెలుస్తుంది. నడిచి పోతే మలుపులో నిలబడి పైకి చూడవచ్చు. అప్పుడు లోపలికి రాబోయేవాడి భయం మీకు కూడా కొంచెం తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నడిపించకండి. వాళ్లు ఆటోలో ముందుకు పోయి తోరణాల దగ్గర నీడన కూర్చోవచ్చు.

రాతికోట లోపల కూడా ఊరుంది. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అని పేర్లు. ఇళ్లు, బడి, చిన్న దుకాణాలు, మక్క చేలు, వరి మడులు, కూరగాయల పాదులు ఉన్నాయి. కొందరు సందర్శకులు ఇదంతా చూసి కోటను ఖాళీ చేయించాలంటారు. నేను ఒప్పుకోను. కాకతీయుల రోజుల్లోనూ ఇక్కడ మనుషులున్నారు, పొలాలున్నాయి, నీళ్లున్నాయి. శృంగార బావి లాంటి దిగుడు బావులు కోటలో ఎందుకు తవ్వారు? ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లు బతకాలి కదా. ఇప్పుడు ఇక్కడ మక్కకు నీళ్లు పెడుతున్న రైతు ఆ ఏర్పాటులో ఇంకా సజీవంగా ఉన్న భాగం. అతని చేనులోంచి అడ్డదారి తొక్కకండి. దారి అడిగితే మాత్రం సంతోషంగా చూపిస్తాడు.

తోరణాల ఆవరణకు టికెట్ తీసుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాలన్నింటిలాగే ఇక్కడా పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. వేళలు మారుతుంటాయి కనుక ముందురోజే కనుక్కోండి. నవంబర్ 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం. అది తరచూ కార్తీకంలోనే పడుతుంది, ప్రయాణానికి అంతకన్నా మంచి రోజులు లేవు.

ఆవరణ మధ్యలో ఒకప్పుడు కాకతీయుల కులదైవం స్వయంభూదేవుడి గుడి ఉండేది. 1323 తర్వాత దాన్ని కూల్చారు. నాలుగు దిక్కులా ఉన్న నాలుగు తోరణాలు మిగిలాయి. ఉత్తర దక్షిణ తోరణాల మధ్య సుమారు 480 అడుగులు, తూర్పు పడమర తోరణాల మధ్య 433 అడుగులు. పిల్లలతో అడుగులు లెక్క పెట్టిస్తూ నడిపించండి, గుడి ఆవరణ ఎంత పెద్దదో కాళ్లకు తెలుస్తుంది. తోరణాల మీద దేవతల బొమ్మలు లేవు. మకరాలు, తామర మొగ్గలు, వేలాడే దండలు, రెండు కొసలా హంసలు ఉన్నాయి. అందుకే కూల్చినవాళ్లు వీటి జోలికి రాలేదంటారు. ఒక్క హంసను ఎంచుకొని దాని తోకను చూడండి. ఈకలు ఈకలుగా ఉండవు, తీగలుగా మారి మెలికలు తిరుగుతాయి. అది పక్షిగా ఎక్కడ ఆగిందో, తీగగా ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 2014లో తెలంగాణ రాజముద్రలోకి వచ్చింది ఈ తోరణమే. రోజూ ప్రభుత్వ కాగితాల మీద చూసే గుర్తును ఇక్కడ కొలతలతో సహా చూడటం పిల్లలకు గొప్పగా ఉంటుంది.

గుడి రాళ్ల మధ్య తిరిగి, పడమటి తోరణం దాటి ఖుష్ మహల్‌కు రండి. ఇలా వస్తేనే మహల్ అర్థమవుతుందని నా నమ్మకం. గుడిని కూల్చిన పాలకులే తోరణాలను నిలవనిచ్చి, వాటికి ఇంత దగ్గరలో తమ దర్బారు కట్టుకున్నారు. ఓడిన రాజు వైభవాన్ని పక్కనే ఉంచుకొని కొలువు తీరడంలో వాళ్ల ఉద్దేశమేమిటో, హాలు మధ్యలో నిలబడి మీరే ఆలోచించండి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లతో వాదించండి కూడా. ఈ మాట మీద మంచి వాదన నడుస్తుంది. గోడ మీద పేర్లు గీసే వయసు పిల్లలకు మాత్రం ముందే గట్టిగా చెప్పి ఉంచండి. ఇప్పటికే గీసిన పేర్లు అక్కడ చాలా ఉన్నాయి, అవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మహల్ పైకి మెట్లున్నాయి. ఎక్కనిచ్చిన రోజున జాగ్రత్తగా ఎక్కండి, మెట్లు ఇరుకు. పైనుంచి చూస్తే తోరణాలు, చేలు, బురుజులు అన్నీ కలిపి కనబడతాయి.

మధ్యాహ్నానికి ఏకశిలా గుట్ట వైపు రండి. ఓరుగల్లుకు ఏకశిలా నగరమన్న పేరు రావడానికి కారణం ఈ ఒంటిరాతి గుట్టే. దాని పక్కన గుండు చెరువు, చెరువును ఆనుకొని పార్కు. సద్ది మూట విప్పవలసింది ఇక్కడ. విస్తరాకులు, సీసాలు మాత్రం తిరిగి సంచిలో వేసుకొని పోండి.

ఆ పార్కు ఈ కాలానిది. పాత తోటల సంగతి మళ్లీ అమీర్ ఖుస్రో నుంచే తెలుస్తుంది. మాలిక్ కాఫూర్ ముందుగా హనుమకొండ గుట్టను పట్టుకోమని రౌతులను పంపాడట. ఎందుకంటే ఆ గుట్ట మీద నుంచి ఓరుగల్లు భవనాలూ తోటలూ అన్నీ కనబడతాయి. ఒక సేనాపతికి దాడి చేయడానికి పనికొచ్చే చూపు అది. అందులో తోటలను కూడా లెక్కలోకి తీసుకున్నారంటే, అవి ఎంత విస్తారంగా ఉండేవో ఊహించుకోవచ్చు. ఆ తోటల గట్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. అయితే వాటిని పెంచిన పద్ధతి, అంటే గుట్ట మీద పడ్డ వాన చుక్కను కిందికి పోనీకుండా చెరువులో పట్టి, చెరువు నుంచి నేలకు మళ్లించడం, గుండు చెరువు గట్టున కూర్చుంటే కళ్లెదుటే కనబడుతుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కట్టించిన కాలం వాళ్ల లెక్కే ఇక్కడా ఉంది. ఓరుగల్లు తోటలను చూడాలంటే పూల మొక్కలను వెతకకండి, నీళ్ల దారిని వెతకండి. పార్కులో పూల కుండీల కన్నా ఆ దారిని చూపించే ఒక బోర్డు పెడితే నేను ఎంతో సంతోషిస్తాను.

ఎండ తగ్గాక గుట్ట ఎక్కండి. మెట్లున్నాయి, చివర కొంచెం నిటారుగా ఉంటుంది, చెప్పులు జారనివి వేసుకోండి. పైనుంచి రాతికోట వలయం సగం పైగా కళ్లకు కడుతుంది. పొద్దున మీరు నడిచి వచ్చిన దారిని పిల్లలతో వేలితో గుర్తు పట్టించండి. మట్టికోట కట్ట ఎక్కడ, ద్వారం ఎక్కడ, మహల్ ఎక్కడ అని అడగండి. కింద నుంచి చూసినప్పుడు వేరువేరుగా ఉన్నవి ఇక్కడ ఒకే పటంగా కలిసి కనబడతాయి.

సాయంత్రం తోరణాల దగ్గర పర్యాటక శాఖవాళ్లు ధ్వని, వెలుగుల ప్రదర్శన నడుపుతారు. తెలుగు ఆట ఏ వేళకో, ఆ రోజు ఉందో లేదో ఉదయమే అడిగి పెట్టుకోండి. వాన పడ్డ రోజున ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అది చూసి పోవాలనుకునేవాళ్లు రాత్రి రైలుకు టికెట్లు ముందే చేయించుకోండి. హనుమకొండలో బస చేసేవాళ్లయితే తొందర లేదు. మర్నాడు పొద్దున్నే, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి చూసుకొని, ఓపిక ఉంటే మాలిక్ కాఫూర్ రౌతులు ఎక్కిన ఆ హనుమకొండ గుట్ట కూడా ఎక్కి, మధ్యాహ్నం బండికి బయలుదేరవచ్చు.